రాతి మీద పన్నెండో పేరు

ఇందుమూలముగా సమస్త జనులకూ తెలియజేయడమేమనగా, 1937వ సంవత్సరం దాకా ఆదోని పట్టణంలో గొప్ప వంశాలంటూ ఏవీ లేవు. పత్తి ఉండేది. జొన్నలుండేవి. ఎండాకాలం నీళ్ళ దగ్గర కొట్లాటలుండేవి. వంశాలు మాత్రం లేవు. ఇంత పెద్ద లోటును ఒక్క సాయంత్రంలో పూడ్చిన మహానుభావుడు పత్తి వర్తకుడు ఇంద్రసేనయ్య.

ఆ ఏడు ఆయన బళ్ళారికి ఒక పెళ్ళికి వెళ్ళాడు. భోజనాల దగ్గర పక్కనున్న పెద్దమనిషి, తమ పూర్వీకులు హంపిలో రాయలవారి గుర్రాలకు ఉలవలు పెట్టినవారనీ, అలాంటి వంశాలవారికి ఒక సంఘం ఉందనీ, అందులో అందరినీ చేర్చుకోరనీ చెప్పాడు. చెప్పి, రెండో ఓళిగ కూడా వేయించుకున్నాడు. ఇంద్రసేనయ్యకు మాత్రం మొదటి ఓళిగే గొంతులో అడ్డం పడింది. ఉలవల సంగతి ఆయనకు పట్టలేదు. 'అందరినీ చేర్చుకోరు' అన్న మాట పట్టుకుంది. నలభై ఎనిమిదేళ్ళ జీవితంలో అంత కమ్మని మాట ఆయన విని ఉండలేదు.

ఆదోనిలో రైలు దిగి తలెత్తి చూస్తే కొండ మీద కోట కనిపించింది. అది పుట్టినప్పటి నుంచీ ఆయన కళ్ళెదుటే ఉంది, పాపం. కానీ ఆయన దాన్ని చూడటం అదే మొదలు. ఆ సాయంత్రమే మరో పదిమంది వర్తకులను పిలిపించి 'ఆదోని దుర్గ రక్షక వంశీయుల సమాజం' స్థాపించాడు. దస్తావేజులు రాయడంలో చేయి తిరిగిన గురురాజను కార్యదర్శిగా పెట్టుకున్నాడు. గురురాజ కామా కూడా సాక్షి సంతకం లేకుండా పెట్టని మనిషి.

నియమావళి తయారైంది. మొదటి నియమం సమాజం పేరు. రెండో నియమం ఇంద్రసేనయ్య యావజ్జీవ అధ్యక్షుడని. మూడో నియమమే ప్రాణం: పూర్వం శత్రువు కోటను ముట్టడించి తలుపులు బద్దలు కొట్టిన రోజున కోట లోపల నిలిచి ఉన్నవారి సంతతికి మాత్రమే ప్రవేశం, అదీ తగిన సాక్ష్యం మీద. ఆ శత్రువు ఎవరన్న విషయంలో సభ్యులకు మూడు అభిప్రాయాలు ఉండటం వల్ల 'శత్రువు' అని రాసి ఊరుకున్నారు. సాక్ష్యం విషయంలో ఏ చిక్కూ రాలేదు. మొదటాయన పూర్వీకులకు రెండో ఆయన సాక్షి, రెండో ఆయనకు మూడో ఆయన, అలా పోయి పోయి పదకొండో ఆయనకు ఇంద్రసేనయ్య సాక్షి. ఇంత పకడ్బందీ చరిత్ర మన దేశంలో అరుదు.

వంశాల పేర్లు చెక్కించి కోట కొండ కింద నాటడానికి ఒక రాయి తెప్పించారు. బళ్ళారి నుంచి కలెక్టరు దొరగారు వచ్చి ముసుగు తీయడానికి ఒప్పుకున్నారు. మొట్టమొదటి పేరు ఇంద్రసేనయ్య వంశానిది. అది చెక్కుతున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి, రాతిపొడి మీద పడినా తుడుచుకోలేదు. అయితే శిల్పి సుబ్బన్న చూడ్డానికి సమంగా ఉండేటట్టు ఆరేసి పేర్లకు రెండు వరుసలు గీశాడు. పదకొండు పేర్లు చెక్కాక కింద ఒకటి ఖాళీ మిగిలింది. ముందుపన్ను ఊడిన నోరులా ఉంది రాయి. పన్నెండో వంశం కావాలని దండోరా వేయించారు.

చుట్టుపక్కల ఊళ్ళలో అన్ని వంశాలున్నాయని ఎవరనుకున్నారు! ఒకాయన తన ముత్తాత కోటలో ఏనుగును మేపాడని రాశాడు, ఇంకొకాయన ఆ ఏనుగు తమ ఇంటిదేనని రాశాడు. చిప్పగిరి నుంచి ఒక ఖడ్గం వచ్చింది. తుప్పు గీకి చూస్తే కొడవలి. దేవనకొండ ఆయనెవరో నిజాయితీపరుడు, తమవాళ్ళు కోటలో లేరనీ, ఉండి ఉంటే మాత్రం బ్రహ్మాండంగా పోరాడి ఉండేవారనీ విన్నవించుకున్నాడు. అన్నిటినీ మూడో నియమం కింద కొట్టేశారు. కొట్టేసిన ప్రతిసారీ ఇంద్రసేనయ్యకు ఆకలి పెరిగేది.

అప్పుడు, సభ్యులంతా కొలువుతీరి ఉండగా, ఎమ్మిగనూరు నుంచి గిడ్డయ్య వచ్చాడు. నేతపని చేసుకునేవాడు. వెంట ముసలితల్లి హంపమ్మ.

"మా పెద్దోళ్ళలో బసప్ప అని ఒకాయన, కోటలో డేరా గుడ్డలు నేసేటోడంట సామీ," అన్నాడు గిడ్డయ్య. "కోట పడిన పొద్దు ఆడనే, లోపలనే సచ్చిపోయినాడు. ఏటా ఆ దినం మా ఇంట్లో మగ్గం ఆపి దీపం పెడతాము."

"నాకు సంఘమూ వద్దు, గింఘమూ వద్దు నాయనా," అంది హంపమ్మ. "ఆయప్ప పేరొకటి ఆ రాతి మీద రాపించు. సూసి పోతాను. అంతే."

దీపం మాట ఇంద్రసేనయ్యకు నచ్చలేదు. ఒకరింట్లో దీపం పెడుతున్నారంటే, మిగతా పదకొండు ఇళ్ళలో ఎందుకు పెట్టడంలేదని జనం అడుగుతారు. ఆయన విచారంగా తల ఊపాడు.

"నియమం మూడు, అప్పా. సాక్ష్యం కావల్ల. నేనేం సేసేది?"

"మరి మీకు సాక్ష్యం ఎవురు సామీ?"

"ఈయన."

"ఈయనకు?"

"ఆయన."

గిడ్డయ్య వేలు చాపి వరుసగా లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఆ వేలు గది చుట్టూ తిరిగి మళ్ళీ ఇంద్రసేనయ్య దగ్గరికే వచ్చి ఆగింది. సమావేశం వాయిదా పడింది.

కానీ బజారు వాయిదా పడదు కదా. దీపం కథ పత్తి మండీలో పాకింది, కూరగాయల అంగళ్ళలో పాకింది. ఇక లాభం లేదని ఇంద్రసేనయ్య కౌతాళం నుంచి హెళవ హులిగప్పను పిలిపించాడు. హెళవలంటే తెలుసుగా? ఎద్దు మీద ఊరూరా తిరుగుతూ, వాకిట్లో గంట వాయించి, ఆ ఇంటి తరాలన్నీ రాగం తీసి చదివేవాళ్ళు. ఆదోని వర్తకుల తరాలూ ఎమ్మిగనూరు నేతవాళ్ళ తరాలూ హులిగప్పకు కంఠోపాఠం. ఈ చదువుకు ఒక ఆచారముంది. ఇంటివారు ఎద్దు వీపున కొత్త కంబళి కప్పితే చదువు అక్కడితో ముగుస్తుంది. ఇంద్రసేనయ్య ఇంట్లో తాతలనాటి నుంచీ ఏం జరుగుతోందంటే, 'చెన్నయ్య కోటలో జొన్నల గాదెకు అధికారి, మేరువంటి మనిషి' అన్న చోటికి రాగానే అందరూ పొంగిపోయి కంబళి కప్పేసేవారు. తర్వాత ఏముందో విన్న పాపాన ఎవరూ పోలేదు.

"ఆయప్పను ఎప్పుడన్నా కడాకంటా ఇన్నారా?" అని అడిగింది ఆయన భార్య అలివేలమ్మ, చాటలో బియ్యం చెరుగుతూ.

"మేరువంటోడు అని సెప్పినాక ఇంక ఇనేదేముందే?" అన్నాడు ఇంద్రసేనయ్య.

అలివేలమ్మ బియ్యంలో రాళ్ళు ఏరడంలో పడింది. ఆ ఇంట్లో ఆమె మాట విని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

పత్తి మిల్లు ఆవరణలో సభ పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. హంపమ్మ ముందు వరసలో పత్తి మూట మీద కూర్చుంది. గురురాజ లేచి, సాక్ష్యమన్నాక సాంతం వినాలి కాబట్టి పన్నెండు వంశాలూ చదవడం పూర్తయ్యేవరకు కంబళి పెట్టెలోనే ఉండాలనీ, మధ్యలో తీయరాదనీ తీర్మానం చదివాడు. అధ్యక్షులవారు సంతోషంగా సంతకం చేశారు. తాళంచెవి గురురాజ మొలతాడుకు కట్టుకున్నాడు.

"కడాకంటానా సామీ?" అని హులిగప్ప నోరు తెరిచాడు. "మా నాయన సెప్పలేదు, మా తాత సెప్పలేదు. కడాకంటా ఇనేటోళ్ళు యాడ దొరుకుతారు!" ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గంట వాయించి మొదలుపెట్టాడు.

"వీరయ్య కొడుకు ఓబయ్య, ఓబయ్య కొడుకు చెన్నయ్య! చెన్నయ్య కోటలో జొన్నల గాదెకు అధికారి, మేరువంటి మనిషి!"

చప్పట్లు మోగాయి. హులిగప్ప అలవాటు కొద్దీ ఎద్దు వీపు వంక చూశాడు. కంబళి పడలేదు. గుక్క తిప్పుకుని అందుకున్నాడు.

"శత్రువు వచ్చినాడని తెలిసెను. మిట్టమధ్యాన్నము, జనమంతా సంగటి తింటాండంగా, మేరువంటి చెన్నయ్య కోట ఎనక కసువు పారబోసే దిడ్డి వాకిట్లో నుంచి వంగి వంగి బయటికి పోయెను!"

"కంబళి!" అని అరిచాడు ఇంద్రసేనయ్య. "కంబళి తెండి!"

"తీర్మానం ఒప్పుకోదండీ," అన్నాడు గురురాజ తల ఎత్తకుండా. ఆయన ప్రతి అక్షరమూ రాసుకుంటున్నాడు.

చెన్నయ్య వెనకాల రెండో వంశం పోయింది, ఊరగాయ జాడీ చంకన పెట్టుకుని. మూడో వంశం లావుగా ఉండి వాకిట్లో ఇరుక్కుంటే నాలుగో వంశం వెనకనుంచి తోసింది. ఆ తోపు గురించే హులిగప్ప అయిదు నిమిషాలు రాగం తీశాడు. జనం పొట్టలు పట్టుకున్నారు. పదకొండు వంశాలూ ఒకదాని వెనక ఒకటి గౌరవప్రదంగా కోట ఖాళీ చేశాయి. వరసలో ముందున్నది మాత్రం నిస్సందేహంగా ఇంద్రసేనయ్య వంశమే.

"పదకొండు మందీ పోయినాక లోపలినుంచి గడియ పెట్టల్ల గదప్పా?" హులిగప్ప గొంతు తగ్గించాడు. "లేకుంటే శత్రువు అట్లనే వచ్చి ఈళ్ళను తరుముకునేటోడు. ఎవురు పెడతారు? నేతగాడు బసప్ప ఆడ నిలబడి ఉండె. 'మీరు పోండప్పా, నేను గడియ పెడతా' అనె. పెట్టె. బసప్పది ఆడికి కడా."

హంపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గడియ పెట్టినాడంట సూడు, నా తండ్రి," అంది. "మా ఇంట్లో మొగోళ్ళకు ఈ పొద్దుటికీ అదే బుద్ధి. పండుకునే ముందర మూడు మార్లు గడియ సూసుకుంటారు."

కలెక్టరు రావడానికి మూడు రోజులే ఉంది. సమాజం అత్యవసరంగా సమావేశమైంది. ఇంకెవరైనా అయితే తలదించుకునేవారు. ఇంద్రసేనయ్య తల ఎత్తి చరిత్రలో నిలిచిపోయే ఉపన్యాసం ఇచ్చాడు. "సోదరులారా! రక్షించవలసినది రాళ్ళనా, ప్రాణమునా? మన పూర్వులే ఆనాడు లోపల నిలిచి ఉంటే ఈనాడు వారిని గౌరవించుటకు మనమెక్కడ ఉందుము? వారిది పలాయనము కాదు, దూరదృష్టి!" సభ్యుల కళ్ళు చెమర్చాయి. మూడో నియమం ఏకగ్రీవంగా సవరించారు: కోట పడకముందే దూరదృష్టితో వెలుపలికి వచ్చినవారి సంతతికి మాత్రమే ప్రవేశం. వెంటనే గిడ్డయ్య అర్జీ పరిశీలించారు. తన పూర్వీకుడు లోపలే ఉండిపోయినట్టు అర్జీదారుడే ఒప్పుకున్నందువల్ల, చింతిస్తూ తిరస్కరించారు. సకాలంలో గడియ పెట్టినందుకు బసప్పకు సమాజం తరఫున అభినందన నమోదు చేశారు. న్యాయం న్యాయమే కదా.

కలెక్టరు దొరగారు ముసుగు తీసి, కింద ఖాళీ ఎందుకుందని అడిగారు. "అది మా వినయం, దొరా," అన్నాడు ఇంద్రసేనయ్య. దొరగారు చాలా మెచ్చుకున్నారు.

అందరూ వెళ్ళిపోయాక హంపమ్మ రాయి దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు. పేర్లన్నీ గుచ్చుకుంటుంటే వేళ్ళతో తడుముకుంటూ పోయి, నున్నగా తగిలిన చోట ఆగింది. "ఇదేనా మా బసప్పది?" అని అడిగింది. గిడ్డయ్య అవునన్నాడు. ఆ ఖాళీకి పసుపు పూసి, బొట్టు పెట్టి, దీపం వెలిగించి, నిమ్మళంగా ఎమ్మిగనూరు బండి ఎక్కింది. నాకు తెలిసి ఈ కథలో కోరింది కోరినట్టు దక్కించుకున్న మనిషి ఆమె ఒక్కతే.

మరునాడు ఇంద్రసేనయ్య రాయి కడిగించాడు. ఎవరో మళ్ళీ పసుపు పూశారు. మళ్ళీ కడిగించాడు. మూడోనాటికి టెంకాయ చిప్పలు కూడా కనిపించాయి. సంతకు పోయే ఆడవాళ్ళు దానికి 'గడియసామి' అని పేరు పెట్టారు. కొత్త ఇంటికి తలుపు ఎత్తేవాళ్ళు గడియను ముందు అక్కడికి తెచ్చి మొక్కించుకుపోవడం మొదలైంది. ఆరేళ్ళలో నూనె, పసుపు, కుంకుమ పట్టి పదకొండు పేర్లూ పూడిపోయాయి. ఒకసారి ఇంద్రసేనయ్య తన పేరు ఉందో లేదో చూసుకుందామని గోటితో గీకబోతే, సజ్జల గంప దించుకుంటున్న ఒకావిడ గద్దించింది: "ఏయ్, ఎవురప్పా నువ్వు? సామి మీద గోరు పెడతాండావు?"

1943లో గడియసామికి తిరునాళ్ళు మొదలయ్యాయి. విరగబడే జనాన్ని అదుపులో పెట్టేందుకు 'గడియసామి తొలిపూజ వంశీయుల సంఘం' ఏర్పడింది. రాయికి మొట్టమొదట మొక్కినవారికీ, వారి సంతతికీ మాత్రమే పందిట్లో చోటు. అధ్యక్షుడు గిడ్డయ్య. కార్యదర్శి గురురాజే, నియమాలు ఎవరివైనా చేతిరాత ఆయనదే. ఇంద్రసేనయ్య అర్జీ పెట్టుకున్నాడు. గిడ్డయ్య పాత కక్ష పెట్టుకునే మనిషి కాదు. నిజంగానే బాధపడ్డాడు.

"నియమం మూడు, అన్నా," అన్నాడు విచారంగా తల ఊపుతూ. "రెండు మార్లు కడిగించినది మీరే గదా. నేనేం సేసేది?"

"మరి మా ఆమె పందిట్లో కూర్చోనుంది గదప్పా!"

"వదినమ్మ వేరే. మూడోనాడు టెంకాయ కొట్టినది ఆయమ్మనే."

ఇంద్రసేనయ్యకు ఆరేళ్ళుగా తెలియని సంగతి ఊరందరికీ తెలుసు. అలివేలమ్మ పందిట్లో ముందు వరసలో కూర్చుని తమలపాకులు తుడుస్తోంది. చివరికి గురురాజ నియమావళి తిరగేసి, 'సభ్యురాలి భర్త' అన్న తరగతి ఒకటి వెతికి, పందిరి బయట ఎండలో ఒక చాప వేయించాడు. ఇంద్రసేనయ్య కాసేపు చాప వంక చూశాడు. తర్వాత కూర్చున్నాడు. కాసేపయ్యాక, అదే చాప మీద కూర్చోబోయిన ఇంకో ఆయన్ని ఆపి, "మీ ఆమె సభ్యురాలేనా? ఈడ అందరినీ కూర్చోపెట్టరు," అన్నాడు. ఆయన ముఖంలో ఆ రోజు మొదటిసారి వెలుగు వచ్చింది.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. అయితే తొలిపూజ సంఘంలో ఒక చోటు ఖాళీ ఉందని గురురాజ చెప్పమన్నాడు. మీ అవ్వ ఎప్పుడైనా ఆదోని సంతకు వెళ్ళిందేమో, వెళ్ళినప్పుడు చేతిలో టెంకాయ ఉందేమో, తొందరపడకుండా గుర్తు తెచ్చుకోండి. తెచ్చుకుంటున్నారు కదూ? త్వరగా అర్జీ పెట్టండి మరి. అందరినీ చేర్చుకోరు.