దిగుడు మాటల దరఖాస్తు

ఆ ఉదయం ఆకాశం ఎవరి సంతకమూ అడగకుండా ఇళ్ల మీదికి దిగింది. ఆకాశానికి చెల్లుతుంది, మనిషికి చెల్లదు. లోకంలో ఏది పడినా ముందు ఇంగ్లీషులో పడాలని మరమ్మతుల శాఖ ఏనాడో తీర్మానించింది.

నిబంధన తేలికే. ఇంటికప్పు జానెడు దిగితే ‘డిప్’. మూరెడు దిగితే ‘స్లిప్’. అంతకు మించితే ‘డ్రాప్’. నేలను తాకితే ‘కొలాప్స్’. (తెలుగులో రాస్తే కప్పు దిగినట్టు శాఖకు తెలియదు.) శాఖ పరిశీలకుడు వచ్చేదాకా కప్పు దరఖాస్తులో రాసిన మాట మీదే నిలబడాలి.

దర్జీ ఇంట్లో కప్పు సరిగ్గా కుట్టుమిషను మీదికి దిగింది. ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ మిషనే. దర్జీ టేపు పెట్టి కొలిచి ‘డిప్’ అని రాశాడు. నలభై రోజులకు పరిశీలకుడు వచ్చాడు.

“డిప్ అని రాసి మూరెడు చూపిస్తారేంటండీ?” అన్నాడు నొచ్చుకుంటూ.

“మీరు రాలేదు, అది ఆగలేదు.”

“మళ్లీ రాయండి.”

‘స్లిప్’ అని రాశాడు. ఆయన వచ్చేసరికి డ్రాప్ అయింది. దర్జీ గుంజ ఒకటి ఆనించాడు. కప్పు నాలుగు వేళ్లు పైకి లేచింది. అభివృద్ధి శాఖ నుంచి అభినందన పత్రం వచ్చింది.

“ఈసారి ఒక మాట ముందుకెళ్లి రాయండి. ఆయనొచ్చేలోపు అది ఎలాగూ అక్కడికి చేరుతుంది” అంది దర్జీ భార్య.

‘కొలాప్స్’ అని రాశాడు. పరిశీలకుడు మర్నాడే వచ్చాడు.

“నిలబడే ఉందిగా! తప్పుడు సమాచారం. పడ్డాక కబురు చేయండి.”

కప్పు మాట నిలబెట్టుకుంది. పదో రోజున, మిషను వాకిట్లోకి లాగిన గంటకు, మొత్తం కూలింది. కబురు వెళ్లింది. పరిశీలకుడు భోజనాల వేళకు వచ్చి, గోడల మధ్య నిలబడి పైకి చూశాడు.

“ఏది కప్పు?”

“కింద చూడండి అన్నయ్యా.”

“కప్పంటే పైన ఉండాలమ్మా. లేనిదానికి మరమ్మతెలా చేస్తాం?”

దర్జీ భార్య ఇంకో కంచం పెట్టింది. ముగ్గురూ వాకిట్లో కూర్చుని తిన్నారు. సగంలో చినుకులు మొదలయ్యాయి. దర్జీ భార్య లేచి, పరిశీలకుడి పక్కనున్న ఫైలు తీసి, మిషను మీద కప్పి, వచ్చి మళ్లీ కంచం ముందు కూర్చుంది.

శాఖవారు ఆ ఇంటికి వేసిన కప్పు అదొక్కటే.