ఫ్లెక్సీ కింది మూలలో నా ఫోటో

అప్పు ఎగ్గొట్టినవాడు చంద్రమండలంలో దాక్కున్నా కాలర్ పట్టి కిందికి దింపుతామని మా యాభై రెండేళ్ల యువనేత యుగంధరన్న మెట్టుగూడ చౌరస్తాలో ప్రకటించారు. ‘బాకీ లేని సికింద్రాబాద్’ ఉద్యమం ఆ సాయంత్రమే షురూ అయింది. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే. ఆయన వెనక మెరిసిన ఇరవై అడుగుల ఫ్లెక్సీ కూడా నేనే ప్రింట్ చేశాను, ఉద్దెరకు.

పాత ఫ్లెక్సీల తాలూకు లక్షా నలభై వేలు ఆయన నాకు అప్పటికే బాకీ. అయినా అన్నది పెద్ద మనసు. “పైసలు యాడికి పోతయి తమ్మీ? కింద మూలకు నీ ఫోటో సుత వేసుకో” అనేవారు. ప్రతిదాంట్లో వేసుకున్నాను, జుట్టున్నప్పటి ఫోటో. దాని కింద ‘ఇట్లు మీ సదాశివ’, ఫోన్ నంబరుతో సహా.

నా భార్య కల్పలతకు రాజకీయ చైతన్యం తక్కువ. రెండేళ్ల కిందటే ప్రింటింగ్ మెషిన్ కిస్తీలు కట్టడం కష్టమైంది. కట్టకపోతే మెషిన్ ఎత్తుకుపోతామని ఫైనాన్స్‌వాళ్లు అనసాగారు. “మెషిన్ వోతే ఏం ప్రింట్ చేస్తవ్, అప్పడాలా?” అని నన్ను కోర్టుకు తోలింది. కేసు నడిచిన రెండేళ్లూ అన్నకు ఫ్లెక్సీలు వేస్తూనే ఉన్నాను. కోర్టు వేరు, అభిమానం వేరు. చివరికి డిక్రీ వచ్చింది, మెట్టుగూడ సభ అయిన మూడోనాడే జప్తు వారంటూ వచ్చింది. అప్పటికి మూడు కిస్తీలు ఆగిపోయాయి, ఫైనాన్స్‌వాళ్లు నెలాఖరే గడువన్నారు.

జప్తు గురించి నాకు పూర్తి అవగాహన ఉంది, సినిమాల్లో చూశాను. డీసీఎం వ్యాను, ఇద్దరు హమాలీలు, మోకుతాడు సిద్ధం చేశాను. సామాను జప్తు చేసే కోర్టు అమీన్ వలీ సాబ్ ఆ వ్యాను చూసి నిట్టూర్చారు.

“సదాశివ సాబ్, నా చేతిల కాగితం ఉంది గనీ మంత్రం లేదు. ఆయన సొంతంగ ఉన్నదే రాసుకుంటా. ఆశ జెర తక్కువ పెట్టుకోండ్రి.”

పాపం, ఆయనకు అన్న వైభవం తెలియదనుకున్నాను.

కార్ఖానా ఏరియాలోని ఇంటికి పోతే అన్న గేటు దగ్గరికే ఎదురొచ్చారు. “రాండ్రి అమీన్ సాబ్! బాకీల వసూలు నా ఉద్యమమే గదా!” అని మాతో సెల్ఫీ దిగి, చాయ్ పోయించారు.

“బండి?” అన్నారు వలీ సాబ్.

“బామ్మర్దిది.”

“టీవీ, ఫ్రిజ్?”

“మా ఆమెవి. బిల్లులు సుత ఉన్నయి.”

“సోఫా?”

“పార్టీది.”

“ఇల్లు?”

“అత్తమ్మది. నేను గిట్ల ఉంటున్న, అంతే.”

“చేతికి వాచీ?”

“కార్యకర్తది. టైం చూస్కోమని ఇచ్చిండు.”

ఇంత నిరాడంబరమైన నాయకుణ్ని నేనెన్నడూ చూడలేదు. వాచీతో సహా అన్నీ పరాయివే.

డాబా ఎక్కగానే మాత్రం నేను ముందుకురికాను. ఇనుప ఫ్రేములతో ఫ్లెక్సీల గుట్ట! తూకానికి అమ్మినా ఒక కిస్తీ వస్తుంది. “ఇవి అన్నవే, రాసుకోండ్రి!” అని అరిచాను.

“కింద చదువుండ్రి అమీన్ సాబ్” అన్నారు అన్న మెల్లగా. “‘ఇట్లు మీ సదాశివ.’ తమ్మి ప్రేమతోని కట్టించిండు. ఆయన సొత్తు నాదని ఎట్ల చెప్త? పాపం తగులదా?”

వలీ సాబ్ ఫోటో చూశారు, నా నెత్తి చూశారు, మళ్లీ ఫోటో చూశారు. “గీ ఫోటోల ఉన్నది మీరేనా?”

కాదంటే సరిపోయేది. కానీ ఆ ఫోటోలో నేను చాలా బాగుంటాను.

“నేనే” అన్నాను.

జప్తు చేయదగ్గ సొత్తు కనబడలేదని ఆయన రాసుకున్నారు. ఖాళీ వ్యానుకు కిరాయి, హమాలీలకు కూలీ నేనే ఇచ్చుకున్నాను. నావే అయితే ఆ ఫ్రేములు అందులో వేసుకోవచ్చని అప్పుడు తట్టలేదు.

షాపు దగ్గర నగర ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారులు మెట్టుగూడ ఫ్లెక్సీ మడతపెట్టుకుని ఎదురుచూస్తున్నారు. “పర్మిషన్ లేకుంట కట్టిండ్రు. ఫోటో, నంబర్ మీదే గదా? పాతిక వేలు జుర్మానా.” వాళ్లకు డీసీఎం అక్కర్లేదు, మోకుతాడు అక్కర్లేదు. ఒక స్కానర్ చాపారు. కల్పలత చిట్టీ ఎత్తి కిస్తీకని తెచ్చిన పైసలు నిమిషంలో వెళ్లిపోయాయి. ఇంత చురుకైన వసూలు మన దేశంలో ఉన్నందుకు గర్వపడాలి. నాకు మాత్రం సిగ్గేసింది. కల్పలత మెషిన్ మీద చెయ్యి వేసి నిలబడింది.

ఫోన్ మోగింది. అన్న.

“తమ్మీ, అక్రమ ఫ్లెక్సీల మీద ఆఫీసర్లు మస్తు పని చేస్తుండ్రు. రేపు చౌరస్తాల వాళ్లకు సన్మానం. ఇరవై అడుగులది ఒకటి కొట్టు. ఈసారి నీ ఫోటో జెర పెద్దగ వేసుకో.”

కల్పలత నన్నే చూస్తోంది.

“ఎంత పెద్దగన్నా?” అని అడిగాను.