నాలుగు కిటికీల ముఠా

“నేరమన్నది నన్ను చూస్తే టికెట్ లేనోని లెక్క వణుకుతది, మొగులక్కా!”

బస్సు కండక్టరుగా రిటైరై, డిటెక్టివ్‌గా తనను తానే నియమించుకున్న బాల్‌రాజ్ ఇలా ప్రకటించి, నేనిచ్చిన చాయ్ అందుకున్నాడు. ఫ్యాను గాలికి ఎగురుతున్న తన పేపరును, కంప్యూటర్‌లో బిల్లులు చూసే నాజ్నీన్ బల్ల మీద, కీబోర్డును కప్పేలా పరిచాడు. పైన నాపరాయి ముక్క ఒకటి పెట్టాడు. తాండూరులో బండలమ్మే ఆఫీసులో చాయ్ పెట్టేదాన్ని నేను, రాళ్లకు కొదవా? నాజ్నీన్ పనంతా మౌసుతోనే.

కాసేపటికే ఆ పిల్ల కేక పెట్టింది.

ఆమె తెర మీద నాలుగు కిటికీలుంటాయి. ఆర్డరు, బిల్లు, పర్మిట్, లోడింగ్ చిట్టీ పక్కపక్కనే తెరిచి, నాలుగూ సరిచూస్తేనే లారీ గేటు దాటుతుంది. ఇవాళ బిల్లు జరిపితే మిగతా మూడూ వెంట పరుగెడుతున్నాయి. ఒకదాన్ని పెద్దది చేస్తే అన్నీ ఉబ్బుతున్నాయి.

సేటు అజహరుద్దీన్ గుమ్మంలోకి వచ్చాడు. “లారీ ఇయ్యాల పోవాలె. నీతోని కాకుంటే రేపటికెంచి వికారాబాద్‌లనే ఉండు, బేటీ.”

రోజూ పొద్దున వికారాబాద్ రైలు దిగి, అమ్మమ్మను పిలిచినట్టు “నానీ, చాయ్!” అంటూ వచ్చే పిల్ల. ఆ స్టేషన్‌లో నాకు చెయ్యూపి వెళ్లినవాళ్లు చాలామందే. తిరిగొచ్చినవాళ్లే తక్కువ.

“ఫికర్ చెయ్యకు!” బాల్‌రాజ్ తెర ముందుకు వంగాడు. “ఒకడు లేస్తే నలుగురు లేస్తుండ్రంటే, అందరొక్క స్టేజీల ఎక్కినోళ్లే. ముఠా!”

“అవి కాయితాలు, తమ్మీ.”

“జర కండక్టర్ కన్నుతోని చూడు, అక్కా.”

బిల్లును గద్దించాడు. పర్మిట్‌ను నడి తొవ్వలో దింపేస్తానని బెదిరించాడు. ఆ తర్వాత భూతద్దం తీసి లారీ డ్రైవరు బిచ్చయ్య చెప్పులు పరీక్షించాడు.

“నా చెప్పులేం జేసినయ్, కండక్టర్ సాబ్?”

“గదే అడుగుతున్న!”

నాజ్నీన్ కిటికీలన్నీ మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ నాలుగూ కలిసే కదిలాయి. కళ్లు తుడుచుకుంటూ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది.

బాల్‌రాజ్ నిట్టూర్చాడు. “నేరస్థుడు మస్తు తెలివైనోడు. ఇగ పోత.” రాయి ఎత్తి, పేపరు చంకన పెట్టుకున్నాడు.

నాజ్నీన్ చివరిసారిగా బిల్లు జరిపింది. బిల్లు ఒక్కటే జరిగింది!

“నానీ! మన బిల్లుల సాఫ్ట్‌వేర్‌ల గీ కంట్రోల్ మీట నొక్కిపట్టి ఏ కిటికీని ముట్టినా, అది జతల చేరుతది. పొద్దటిసంది గా రాయే నొక్కుతున్నది!”

అందరి చూపూ బాల్‌రాజ్ చేతిలోని రాయి మీద పడింది. అతను దాన్ని పైకెత్తి చూపాడు. “చూసిండ్రా? ముఠా నాయకుణ్ని పట్టిన!”

“దాన్ని ఆడ పెట్టింది నువ్వే గద, తమ్మీ!”

“నేరస్థుని పక్కన్నే కూసొని చాయ్ తాగుడు నా పద్ధతక్కా.”

లారీ గేటు దాటింది. సాయంత్రం నాజ్నీన్ రైలెక్కి, “రేపొస్త నానీ!” అని చెయ్యూపింది.

నేను ఆ రాయిని కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చేశాను. రేపు బాల్‌రాజ్ కూడా వస్తాడు మరి.