బాతుతో పొత్తుకు పది మార్కులు

క్రిస్మస్ విందుకు ఏ వైన్ పోయాలో చెప్పే శాస్త్రాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో నాకు తెలీదు. తెలిస్తే మా వీధి మొదట్లో ఆయన విగ్రహం పెట్టించి, దండ కూడా నేనే కొనేవాడిని!

నవ్వకండి. నేను సీరియస్‌గానే అంటున్నాను.

ఈ శాస్త్రం రాకముందు పండగపూట భోజనాల బల్ల దగ్గర ఏం జరిగేదో గుర్తుందా? ఎవరి పెళ్లికి ఎవరు రాలేదు, వచ్చినవాళ్లు ఏం చదివించారు, పెద్దాయన పోయాక గోడ గడియారం ఎవరు పట్టుకుపోయారు... ఇవే కదా మాటలు! కేకు కోసేలోపు ఇద్దరు అలిగేవారు, ముగ్గురు చెప్పులేసుకునేవారు. మరి ఇప్పుడో? అందరూ గ్లాసులో ముక్కు పెట్టుకుని కూర్చుంటున్నారు. ముక్కు గ్లాసులో ఉన్న మనిషి పోట్లాడలేడు. కుటుంబ శాంతికి ఇంతకన్నా ఏం కావాలండీ?

పైగా బుర్రకు శ్రమ లేదు. ఎర్ర మాంసానికి ఎర్ర వైన్, చేపకు తెల్లది, కేకుకు తీపిది, చుట్టాలకు మిగిలింది. ఒక్క బాతు దగ్గర మాత్రం పండితులు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం వాళ్లు రెండో వర్గం వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టరట. వాళ్లు మంచినీళ్లు ఎక్కడైనా ముట్టరనుకోండి, అది వేరే సంగతి.

ఇక భాష! మొన్న ఒక గైడులో చదివాను. ఫలానా వైన్‌లో తడిసిన తోలు, అప్పుడే చెక్కిన పెన్సిలు, వాన వెలిశాక గ్యారేజీ వాసనలు వస్తాయట. మా ఇంట్లో తడిసిన తోలు వాసన వస్తే చెప్పులు గుమ్మం బయట పెడతాం. అదే వాసన సీసాలోంచి వస్తే ధర రెట్టింపు పెడుతున్నారు. జ్ఞానమంటే అదీ!

ఈ జ్ఞానం మా కుటుంబంలోకి మా బావ చేతుల మీదుగా వచ్చింది.

మా బావ, అంటే మా అక్క భర్త, పరీక్షల బోర్డులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. జవాబు పత్రాల మీద పేర్లు కనపడకుండా చేసి, రహస్య నంబర్లు వేసి, దిద్దేవాళ్లకు పంచడం ఆయన ఉద్యోగం. రిటైరైన మనిషికి చేతులు ఊరుకోవు కదా! మూడు శనివారాల వైన్ కోర్సులో చేరిపోయారు. ఇచ్చిన సర్టిఫికెట్‌ను లామినేషన్ చేయించి హాల్లో తగిలించారు. అక్కడ అంతకుముందున్న పెళ్లి ఫొటో బీరువా పక్కకు సర్దుకుంది.

కోర్సు పూర్తయిన సాయంత్రమే వంటింట్లో నిషేధాలు మొదలయ్యాయి. వెనిగర్ బంద్. వెల్లుల్లి బంద్. చివరికి మిరియాల మీద పడ్డారు.

"మిరియాలు నాలుకను మొద్దుబారుస్తాయి. వైన్ దెబ్బతింటుంది," అన్నారు బావ.

"బాతు దెబ్బతినదా?" అంది అక్క.

"అది ఎలాగూ చచ్చింది కదోయ్!"

చూశారా ఎంత తార్కికమైన జవాబో? పూర్వం వంట చూసి వైన్ తెచ్చుకునేవారు పామరులు. ఇప్పుడు మా బావ అక్టోబరులోనే నాలుగు సీసాలు తెచ్చి గదిలో పడుకోబెట్టి, వాటికి ఏ వంట గిట్టుతుందో అక్కకు చీటీ రాసి ఇస్తారు. సీసాలు పెళ్లివారు, బాతు వాళ్లకు వడ్డించే మనిషి అన్నమాట.

అక్క గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఇంట్లో క్రిస్మస్ బాతు ఆమెదే. రెండు రోజుల ముందు ఉప్పు పట్టిస్తుంది. చర్మం ఆరాలని ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఖాళీ చేస్తుంది. పండగ రోజు పొద్దున్నే ఓవెన్‌లో పెట్టి, అరగంటకోసారి తలుపు తీసి, కారిన కొవ్వును గరిటెతో మళ్లీ పైన పోస్తుంది. నాలుగు గంటల పని. వంగినప్పుడల్లా మోకాలు పట్టుకుని లేస్తుంది. ఎవరైనా చూస్తుంటే మాత్రం పట్టుకోదు.

పోయినేడు పండక్కి వారం ముందు వెళ్లేసరికి అక్క పాత దిండు గలీబులు కత్తిరిస్తోంది. సీసాలకు ముసుగులట! ఏ వైన్ ఏదో తెలియకుండా రుచి చూసి మార్కులు వేయాలని బావ ప్లాను. కత్తిరించిన ముక్కల్ని కుట్టడానికి ఎదురింటి టైలరమ్మ ఒప్పుకుంది.

"ఒరే, నీకో మాట చెబుతా విను," అంది అక్క, కత్తెర కింద పెట్టి. "కిందటేడు ఒక్కరు కూడా వంట బాగుందనలేదు. అంతకుముందేడూ అనలేదు. రెండేళ్లూ వైన్ ముచ్చట్లే. ఈసారి కూడా బల్ల దగ్గర ఎవరూ నోరు విప్పకపోతే వచ్చే ఏడు నేను ఈ ఇంట్లో ఓవెన్ ముట్టను. ఒట్టు."

"నేనంటానక్కా. అందరికంటే ముందు నేనే అంటా."

"గుర్తు చేస్తే అనడం కాదు. తిని, నీ అంతట నువ్వు అనాలి."

"తినే అంటా."

ఎంత తేలికైన మాటిచ్చానో చూశారా! వాక్యాలు రాసి బతికేవాణ్ని, రెండు పదాల వాక్యం ఒకటి నోటితో అనలేనా?

పండగ రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా బల్ల చుట్టూ నలుగురం చేరాం. బావ, నేను, బావ పాత కొలీగులు ఇద్దరు. ఒకాయన చీఫ్ ఎగ్జామినర్‌గా చేసినాయన, అందరూ ఇప్పటికీ చీఫ్ గారనే పిలుస్తారు. రెండో ఆయన ఏటా పేపర్లు దిద్దిన లెక్కల మాస్టారు. బావ తల్లి, మా అక్కకు అత్తగారు, ఎనభై నాలుగేళ్ల మనిషి, వంటింట్లో అక్కతో కబుర్లాడుతూ కూర్చున్నారు. అక్క బల్ల ముందే సర్దేసింది. తెల్ల ప్లేట్లు, వాటి మీద విసనకర్రలా మడిచి నిలబెట్టిన నాప్కిన్లు. బల్ల మధ్యలో గలీబుల ముసుగులో నాలుగు సీసాలు, ఒక్కోదాని మెడకు ఒక్కో నంబరు.

బావ షీట్లు పంచారు. రంగుకు పది మార్కులు, వాసనకు పది, నాలుక మీద నిలకడకు పది, చివరి గడి 'బాతుతో పొత్తు'కు పది. ఆయన లేచి నిలబడి నిబంధనలు చదివారు.

"కొట్టివేత ఉంటే పక్కన సంతకం పెట్టాలి. ఏ గడి ఖాళీగా వదిలినా షీటు చెల్లదు."

ఆ చివరి వాక్యం వినగానే కొలీగులిద్దరూ నిటారుగా కూర్చున్నారు. పాత రక్తం కదా!

ఒకటో నంబరు గ్లాసుల్లో పడేసరికి అక్క చేతులకు ఓవెన్ గ్లవుజులతో వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"బాతు తెచ్చేయనా?"

"ఒక్క నిమిషం ఆగు! ఆ వాసనకు మా ముక్కులు పాడవుతాయి. తలుపు వేసుకో!" అన్నారు బావ.

అక్క నావైపు ఒకసారి చూసింది. నేను గ్లాసును వెలుతురుకు పెట్టి రంగు చూస్తున్నాను. తలుపు మూసుకుంది.

తర్వాత గంటన్నర ఎలా గడిచిందో చెప్పలేను. అంత గొప్పగా గడిచింది! రెండో నంబరులో చీఫ్ గారికి తన చిన్ననాటి స్కూలు బల్ల వాసన తగిలింది. మూడో నంబరు దగ్గర లెక్కల మాస్టారు కళ్లు మూసుకుని చాలాసేపు తెరవలేదు. నిద్రపోయారేమోనని భయపడ్డాం. నాకైతే అందులో పెన్సిల్ పొట్టు దొరికింది! గైడులో రాసిన పెన్సిల్ పొట్టే! ఆ ఆనందంలో గడులన్నీ చకచకా నింపేశాను. షీట్లన్నీ చీఫ్ గారి దగ్గరికి చేరాయి. కూడికలయ్యాయి. మూడో నంబరు గెలిచింది.

"బాతు కొవ్వును ఎంత నీటుగా కోసిందండీ ఈ వైన్!" అన్నారు చీఫ్ గారు, తలాడిస్తూ. "ఇంతటి పొత్తు నేనెక్కడా చూడలేదు."

"నేను తొమ్మిదిన్నర వేశాను," అన్నారు లెక్కల మాస్టారు. "ఆ అర మార్కూ బాతులో ఉప్పు తక్కువైనందుకు తగ్గించాను."

బావ ఉబ్బిపోయారు. "ఏమోయ్! ఇలా రా! నీ బాతు ఫస్ట్ క్లాసులో పాసైంది!"

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని నాలుగు షీట్లూ తీరిగ్గా చదివింది. చదవడం అయ్యాక లెక్కల మాస్టారి వైపు తిరిగింది.

"ఉప్పు తక్కువైందా మాస్టారూ?"

"కొంచెమేనమ్మా, పట్టించుకోకండి."

"ఏ ముక్కలో?"

మాస్టారు తన ప్లేటు చూసుకున్నారు. ఆయన్ని చూసి మేమూ మా ప్లేట్లు చూసుకున్నాం. తెల్లగా ఉన్నాయి. అక్క మడిచిన నాప్కిన్లు నాలుగూ మడత నలగకుండా నిలబడి ఉన్నాయి.

"బాతు ఇంకా బల్ల మీదకు రాలేదండీ," అంది అక్క.

చీఫ్ గారే ముందు తేరుకున్నారు.

"గడి ఖాళీగా వదిలితే షీటు చెల్లదన్నారు కదమ్మా. నలభై ఏళ్ల అలవాటు. గడి కనబడితే చెయ్యి ఆగదు."

మీ ఇంట్లో పిల్లల పాత మార్కుల లిస్టులేమైనా ఉంటే ఓసారి తీసి చూసుకోండి. నేనేమీ అనడం లేదు. ఊరికే చెప్పాను.

బావ నిబంధనల మనిషి కాబట్టి తక్షణ కర్తవ్యం ఆలోచించారు. "పోనీ, ఇప్పుడు తెచ్చెయ్. రీవాల్యుయేషన్ చేద్దాం."

"ఒకసారి వేసిన మార్కులు మార్చడానికి వీల్లేదు," అన్నారు చీఫ్ గారు వెంటనే.

"మార్చక్కర్లేదు లెండి. బాతు అయిపోయింది," అంది అక్క, లోపలికి వెళ్తూ.

నేను వెనకే పరిగెత్తాను. వంటింట్లో చిన్న బల్ల చుట్టూ మూడు స్టూళ్లున్నాయి. ఒకదాని మీద అత్తగారు కాలి ఎముక పట్టుకుని దీక్షగా ఉన్నారు. రెండోదాని మీద ఎదురింటి టైలరమ్మ. ముసుగులు కుట్టగా మిగిలిన గుడ్డ ఇవ్వడానికి వెనక గుమ్మంలోంచి వచ్చి కూర్చుండిపోయిందట. సగం బాతు వీళ్ల ముగ్గురికీ సరిపోయింది. మిగతా సగం టైలరమ్మ పిల్లల కోసం డబ్బాలోకి ఎక్కింది. పళ్లెంలో ఒక్క రెక్క మిగిలి ఉంది. తాగడానికి బల్ల మీద మంచినీళ్ల జగ్గు.

"ఎంత బాగుందక్కా!" అంటోంది టైలరమ్మ, ఎవరూ అడగకుండానే. "ఈ చర్మం చూడు, ఎలా కరకరలాడుతోందో!" రెండు నిమిషాల్లో నేను విన్నదే మూడుసార్లు.

అత్తగారు ఆ రెక్క నావైపు తోశారు. కొరికాను. మిరియాలు! వెల్లుల్లి! నిషేధించినవన్నీ ఉన్నాయి, నిషేధించినదానికి రెట్టింపు ఉన్నాయి. కరకరలాడే చర్మం కింద వెన్నలాంటి మాంసం. ముప్పై ఏళ్లుగా తింటున్నాను, ఇంత మంచి బాతు తిన్నట్టు గుర్తులేదు. గుర్తులేకపోవడానికి తప్పు బాతుది కాదని కూడా అప్పుడే తెలిసింది. సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. కళ్లలో నీళ్లు తిరిగితే మిరియాలని సర్దుకున్నాను.

"అక్కా, చాలా బా..."

"ఆగు," అంది అక్క. నా షీటు ఆమె చేతిలోనే ఉంది. మూడో నంబరుకు ఎదురుగా, బాతుతో పొత్తు గడిలో నా చేతిరాతతో ఎనిమిది.

"తినకుండానే ఎనిమిదేశావు కదరా. ఇప్పుడు తిన్నావు. ఎన్నేస్తావు?"

పది అంటే లంచం. తొమ్మిది అంటే అబద్ధం. రెక్కలో మిగిలింది కూడా ఎముక దాకా కొరుక్కుతిన్నాను. అక్క కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. నా చేతిలోంచి ఎముక తీసుకుని చెత్తబుట్టలో వేసి, చెయ్యి కడుక్కోమంది.

ఒట్టు అక్కది. తప్పే మనిషి కాదు. ఈ ఏడు ఓవెన్ తలుపు మీద దుమ్ము కూడా పట్టింది. బావ మాత్రం ఏడు సీసాలు ఎంచుకున్నారు. చీఫ్ గారు దశాంశాలతో కొత్త షీటు తయారుచేస్తున్నారు. అక్కా, అత్తగారూ ఉప్పు పట్టించిన బాతుతో సహా పండగ పొద్దున్నే టైలరమ్మ ఇంటికి పోతున్నారు. కొవ్వు పోసే గరిటె ముందే వీధి దాటింది. నేనూ వస్తానని అడిగాను.

"మార్కులేసేవాళ్లకు అక్కడ చోటు లేదురా," అంది అక్క.

అయినా నా వాదన మారలేదు. వైన్ శాస్త్రం వరమే! దానికి తిండితో గానీ, వండినవాళ్లతో గానీ పనే లేదని మేం నలుగురం ప్రయోగం చేసి మరీ నిరూపించాం. ఇంతటి స్వావలంబన ఇంకే శాస్త్రానికుంది?

కాకపోతే పండగ దగ్గరపడేకొద్దీ నాకొక చిన్న సందేహం పట్టుకుంది. పాఠకుల్లో నిపుణులుంటే తీర్చండి. తెల్లటి ఖాళీ ప్లేటు, మడత విప్పని నాప్కిన్, చల్లబడిన ఓవెన్. వీటికి ఎర్రది పోయాలా, తెల్లదా?

మూడో నంబరని మాత్రం చెప్పకండి. దానికి పోయినేడే ఎనిమిదేశాను.