జగపతిరావు గారి తీపి త్యాగం

రాష్ట్రం వచ్చేదాకా తమ ఇంట్లో తీపి వండబోమని జగపతిరావు జనగామ స్టేషన్ ముందు బహిరంగ సభలో ప్రకటించినప్పుడు, ఆ త్యాగం ఎంత గొప్పదో అర్థం కావడానికి ప్రజలకు కొంత సమయం పట్టింది. అర్థమైన తరువాత చప్పట్లు కొట్టారు.

నిజానికి ఆ రోజు ఆయనకు వేరే త్యాగం మిగల్లేదు. అది అరవై తొమ్మిది వేసవి. ఉద్యమం మంచి ఊపు మీదుంది. వేదిక మీది వక్తలు ఒక్కొక్కరే లేచి ఒక్కొక్కటి వదిలేస్తున్నారు. వకీలు గడ్డం గీసుకోవడం వదిలాడు. ఆయన తరువాత లేచిన పంతులు సినిమాలు వదిలాడు. జగపతిరావుకు చిన్ననాటి స్నేహితుడూ, ఆ కారణంగానే పోటీదారూ అయిన శ్రీపాల్‌రెడ్డి తన చెప్పులు విప్పి జనంలోకి విసిరాడు. దెబ్బ తగిలినవాడు కూడా జిందాబాద్ అన్నాడు. చివరి వక్త జగపతిరావు మైకు ముందుకు వచ్చేసరికి వదలడానికి ఏమీ లేదు. ఆయన సిగరెట్టు తాగడు, పేకాడడు. నోరు తెరిచి నిలబడ్డాడు. ఎక్కడినుంచో నువ్వుల వాసన వచ్చింది. పొద్దున ఇంట్లో భార్య నువ్వులు వేయిస్తుండగా వచ్చాడు. మనిషి అన్నిటికన్నా ఇష్టపడేదే సరిగ్గా అటువంటి క్షణంలో నోటికి రావడం మనసు చేసే పనుల్లో ఒకటి.

"తెలంగాణ వచ్చేదాక మా ఇంట్ల తీపి వండం! ఇదే నా ఒట్టు!" అన్నాడు.

మర్నాడు పత్రికలో ఆయన ఫోటో వచ్చింది. నోరు తెరిచే ఉంది.

ఆ ఇంట్లో తీపి అంటే గరిజెలు. నువ్వుల పొడి, బెల్లం, కోరిన ఎండుకొబ్బరి కుడుక కలిపి, పలచటి పూరీలో పెట్టి, సగానికి మడిచి, అంచును చిన్న చిన్న కుచ్చులుగా నొక్కి నూనెలో వేస్తారు. తల్లి రాధమ్మ పూరీలు ఒత్తేది. భార్య సులోచన పొడి నింపేది. అంచు మడత జగపతిరావుది. ఇంటి పనుల్లో ఆయన చేసేది అదొక్కటే. ఆయనది పుట్టుకతో ఎడమచేతి వాటం. తినడానికీ, రాయడానికీ, దండం పెట్టడానికీ తల్లి కొట్టి కొట్టి కుడిచెయ్యి అలవాటు చేసింది గాని, గరిజె అంచు దగ్గర మాత్రం ఓడిపోయింది. అందరి మడతలూ ఒకవైపు వాలితే ఆయన మడతలు రెండోవైపు వాలేవి. ఈ సంగతి బయటివాళ్ళకు తెలియదు. పరాయి కళ్ళు పడితే గరిజె మూకుట్లో విచ్చుకుపోతుందని, చేసేటప్పుడు తలుపు గడియ వేసుకోవడం ఆ ఇంటి ఆచారం.

"ఎవలనడిగి ఒట్టేసినవయ్యా?" అన్నది సులోచన. "నువ్వులు దంచిన, కుడుక కోరిన. గిదంత ఏం జెయ్యాలె?"

"ప్రజలు చూస్తున్నరు సులోచనా."

"పొయ్యికాడ ఏ ప్రజలున్నరు?"

రాధమ్మకు పళ్ళు ఎప్పుడో పోయాయి. కళ్ళలో పువ్వులు వేశాయి. గోడకు ఆనుకుని కూర్చుని మెల్లగా అన్నది. "రాష్ట్రం తెస్తవ్, తే. నడుమల నా నోరెందుకు కట్టేసినవ్ కొడుకా?"

"నీ పేరు చరిత్రల ఉంటదవ్వా."

"పండ్లు లేవు, కండ్లు లేవు. మిగిలింది నాలుకొక్కటి. దాన్ని గూడ నీ పార్టీల చేర్చుకున్నవ్."

ఆ మాట జగపతిరావుకు ఎక్కడో తగిలింది. అయితే ఆయన తన మనసును ఒక సాధారణ సభ్యుడిలాగే చూసేవాడు. చందా తీసుకునేవాడు గాని, మాట్లాడటానికి అవకాశం ఇచ్చేవాడు కాదు.

సాయంత్రం ఆ ఇంటి బెల్లం డబ్బాను ఊరేగింపుగా తీసుకుపోయి పార్టీ ఆఫీసులో తాళం వేశారు. డబ్బాను నెత్తిన మోసినవాడు పోశాలు. ఆ ఒట్టును ఊరూరా అమలు చేయడానికి జగపతిరావు అధ్యక్షుడుగా ఏర్పడిన తీపి నిషేధ సంఘానికి అతడే కార్యదర్శి. అర్హత అతని ముక్కు. మూడు సందుల అవతల పాకం పడితే ఇక్కడ నిలబడి లేతదో ముదురో చెప్పగలడు.

సంఘం చేసిన సేవ సామాన్యమైంది కాదు. లింగాల ఘనపూర్‌లో ఒక పెళ్ళిలో ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెట్టవచ్చునా అనే ప్రశ్న వచ్చింది. పందిట్లోనే అత్యవసర సమావేశం జరిపి, నెత్తిన పెట్టుకునేది తినేది కాదు గనుక పెట్టవచ్చునని, ఆ తరువాత ఎవరూ వేళ్ళు నాకరాదని తీర్మానించారు. చిట్యాలలో షుగర్ బీమారి ఉన్న ముసలాయనను వేదిక మీద కూర్చోబెట్టి, మన కన్నా పదేళ్ళ ముందే ఉద్యమంలోకి వచ్చిన మనిషి అని పూలదండ వేశారు. ఆయన ఏడ్చాడు. చెప్పులు వదిలిన శ్రీపాల్‌రెడ్డి ఈలోపు బూట్లు కొన్నాడు. చెప్పులు మాత్రం ముట్టలేదు.

ప్రజల నాడి తెలుసుకోవడానికి జగపతిరావు ప్రతి బేస్తవారం రైల్లో మానుకోట పోయేవాడు. అక్కడ చెల్లెలు శశికళ ఇల్లుంది. నాడి ఆమె వంటింట్లో బాగా దొరికేది. తలుపు గడియ వేసి, పీట మీద బాసిపట్టు వేసుకుని, గరిజెల అంచులు మడుస్తూ, మధ్యమధ్య ఒకటి తింటూ ఆయన తన ఒట్టును మాట మాటగా గుర్తు చేసుకునేవాడు. 'మా ఇంట్ల' అన్నాడు. ఆడపిల్లను ఇచ్చిన తరువాత అది వాళ్ళ ఇల్లు. ఇందులో ఎక్కడా అబద్ధం లేదు. అబద్ధం లేదని అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవలసి వస్తున్నదో ఆయన ఆలోచించలేదు.

అట్లా రెండు దసరాలు గడిచాయి. హైదరాబాదు నుంచి పార్టీ పరిశీలకుడు వస్తున్నాడని కబురు వచ్చింది. తాలూకా నుంచి పైకి పోయే మనిషి జగపతిరావా, శ్రీపాల్‌రెడ్డా అన్నది ఆ రాకతో తేలాలి. అదే వారం రాధమ్మకు జ్వరం వచ్చింది. "రాష్ట్రం చూడకుంట పోత, ఏం గాదు. గరిజె తినకుంట పోతనేమో బిడ్డా" అని కోడలితో అంటుండగా జగపతిరావు విన్నాడు.

ఆ బేస్తవారం ఆయన మానుకోటలో ఒక్కటీ తినలేదు. మడిచినవన్నీ స్టీలు డబ్బాలో పెట్టుకుని రైలెక్కాడు. ఉద్యమంలోకి వచ్చిన తరువాత ఆయన ఎవరికీ చెప్పకుండా చేసిన మంచి పని అదొక్కటే. అది కూడా జనగామ ప్లాట్‌ఫారం దాకానే సాగింది. కిటికీలోంచి చూస్తే పోశాలు నిలబడి ముక్కు ఎగరేస్తున్నాడు. జగపతిరావు డబ్బాను సీటు కిందికి నెట్టి, ప్రజాసేవ చేసి అలిసిపోయినవాడిలా దిగి నడిచాడు.

ఇంటికి చేరి చెంబెడు నీళ్ళు తాగేలోపు పోశాలు పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నా! దొరికింది!"

"ఎవడు?"

"మనిషి దొరకలే. డబ్బ దొరికింది. నిండ గరిజెలు!"

మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి వాకిట్లోనే విచారణ పెట్టారు. పరిశీలకుడు వచ్చే రోజు అదే. శ్రీపాల్‌రెడ్డి బూట్లు టకటకలాడిస్తూ వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"ద్రోహి ఎవడో ఇయ్యాల తేలాలె" అన్నాడు. "బేస్తవారం రైల్ల మానుకోట నుంచి ఎవలెవలు వస్తరో గూడ జర ఆలోచన చెయ్యాలె."

"రైలన్నంక మస్తుమంది వస్తరు" అన్నాడు జగపతిరావు.

"గందుకే అవ్వను అడుగుదాం. గరిజె అంచు పట్టుకుంటె ఎవల చెయ్యో చెప్తదని తాలూకంత ఎరుకే గద."

ఇది నిజం. జ్వరం తగ్గిన రాధమ్మను తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. పోశాలు ఒక గరిజె ఆమె చేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలి గోరు అంచు మీద మెల్లగా నడిచింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. గడపలో నిలబడ్డ సులోచన డబ్బాలోకి చూసి, తరువాత మొగుడి ముఖంలోకి చూసింది. జగపతిరావు ఎడమచెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది. తన రాజకీయ జీవితమంతా ఆ గోటి కింద ఉన్నట్టు ఆయనకు తోచింది.

"చెప్పవ్వా, ఎవలది?" అన్నాడు శ్రీపాల్‌రెడ్డి.

"మడత వేలికి ఆనుతలేదు బిడ్డా. తింటెగని చెప్పరాదు."

సంఘం గుసగుసలాడింది. సాక్ష్యం కోసం తినడం తినడం కిందికి రాదని తీర్మానమైంది. రాధమ్మ గరిజెను విరిచి, చిగుళ్ళ మధ్య నానబెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు విచారించింది.

"ఇంకోటియ్యి."

ఇచ్చారు.

"తెలిసిందా అవ్వా?"

"దగ్గర దగ్గరికి వచ్చింది. ఇంకోటియ్యి. కోడలా, నువ్వు గూడ చూడు, నీకేమన్న ఎరుకైతదేమో."

సులోచన తిని, ఏమో అత్తమ్మా అన్నది. పిల్లలను అడిగారు. పిల్లలు చాలా శ్రద్ధగా సహకరించారు. సంఘం సభ్యులు కూడా తలా ఒకటి పరిశీలించారు. డబ్బాలో చివరి గరిజె మిగిలినప్పుడు శ్రీపాల్‌రెడ్డి లేచి నిలబడ్డాడు.

"అవ్వా, నీ కొడుకు మీద ఒట్టేసి చెప్పు. ఎవలదా మడత?"

రాధమ్మ మూతి తుడుచుకుని నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడు వాకిట్లోకి జీపు వచ్చింది. పరిశీలకుడు దిగుతూనే జగపతిరావును కౌగిలించుకున్నాడు.

"ముబారక్ జగపతన్నా! రేడియో వినలేదా? మన పార్టీ సర్కారు పార్టీల కలిసిపోయింది."

"మరి రాష్ట్రం?" అన్నాడు పోశాలు.

"గది తర్వాత మాట్లాడుకుంటరు. ముందుగాల పదవులు మాట్లాడుకున్నరు. జిల్లా చక్కెర పంపిణీ సంఘానికి తీపి మీద ఆశ లేని మనిషి గావాలన్నరు. పేపర్లన్ని నీ పేరే చెప్పె. ఇగ నువ్వే చైర్మన్!" అని, శ్రీపాల్‌రెడ్డి వైపు తిరిగాడు. "చెప్పులిడిసిన మనిషివి గదా, నీకు తోళ్ళ కార్పొరేషన్ల మెంబరు."

శ్రీపాల్‌రెడ్డి కూర్చున్నాడు. ఏ ప్రశ్న అడిగాడో ఆయనకు గుర్తులేదు.

"ఇంత మంచి మాట చెప్పినంక నోరు తీపి చెయ్యరా?" అన్నాడు పరిశీలకుడు.

బెల్లం డబ్బా ఊరేగింపుగానే తిరిగి వచ్చింది. చీమలు దయతో వదిలినంత అందులో ఉంది. వాకిట్లోనే రాళ్ళు పెట్టి పొయ్యి చేశారు, మూకుడు ఎక్కించారు. సులోచన పొడి నింపింది. రాధమ్మ తడుముతూ పూరీలు ఒత్తింది. చైర్మన్ గారు ప్రజల మధ్యనే పీట వేసుకుని కూర్చుని, మొట్టమొదటిసారి తలుపు లేని చోట అంచులు మడిచారు. ఎడమచేత్తో. మడతలన్నీ రెండోవైపు వాలాయి. ఒక్క గరిజె కూడా విచ్చుకోలేదు.

పోశాలు చేతి డబ్బాలో చివరి సాక్ష్యం ఇంకా అట్లాగే ఉంది. అతడు వంగి, దాన్ని కొత్త గరిజె పక్కన పెట్టి చూశాడు. సంఘమంతా చూసింది. శ్రీపాల్‌రెడ్డి కూడా చూశాడు. పోశాలు నిటారుగా నిలబడి, సాక్ష్యాన్ని నోట్లో వేసుకుని, నమిలి, "చైర్మన్ సాబ్ జిందాబాద్!" అన్నాడు.

గరిజెలు పంచారు. అందరూ తిన్నారు.

"ఇంతకు రాష్ట్రం వచ్చినట్టేనా బిడ్డా?" అని అడిగింది రాధమ్మ, చెవి అటువైపు పెట్టి.

అందరి నోళ్ళూ నిండి ఉన్నాయి.