మెద్దూర్ మేకలమీద లేచిన నాగరికత

నాగరికత నది ఒడ్డునే పుడుతుందని చెప్పేవాళ్లకు ఇంటి ముందు నది ఉంది కాబట్టి చెల్లింది. సహారాలో మా బెర్బర్లకు ఏముంది? ఇసుక, ఎండ, మాట్లాడే నోరు. ఆ నోటితోనే మేం నాగరికులమయ్యాం. మీటింగును మించిన వరం మనిషికి మరొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం!

అనుమానమా? అయితే మా పూర్వీకుడు మెద్దూర్ సంగతి వినండి. గుడారాలు మడిచి అవతల పారేసి, ఖర్జూరం నాటుకుని, ఒకచోట స్థిరపడ్డ తొలి తరంవాడు. కొండ అడుగు నీళ్లను భూమిలోపలి కాలువ గుండా తోటలకు తెచ్చుకునేవారు. ఒకనాడు మెద్దూర్ తోటకు కాస్త ఎగువన ఆ కాలువలో మట్టి కూలింది. పై తోటలవాళ్లకు నీళ్లు దివ్యంగా పారుతున్నాయి. మెద్దూర్ కొత్తగా నాటిన ఖర్జూరం పిలకలు మాత్రం వాడిపోవడం మొదలుపెట్టాయి. అవి ఎండిపోతే ఆ కుటుంబానికి మళ్లీ గుడారమే గతి.

తవ్వి పారేస్తే పోలేదా అంటారు మీరు. అందుకే మీరింకా ఇలా ఉన్నారు! కాలువ అందరిదీ. దాంట్లో పార పెట్టాలంటే, ఇంటికో పెద్ద చొప్పున కూర్చునే సభ మొత్తం ఒప్పుకోవాలి. ఒక్కడు తల అడ్డంగా ఊపినా మర్నాడు మళ్లీ కూర్చోవాలి. పైగా, ఫిర్యాదు తెచ్చినవాడే తీర్పు వచ్చేదాకా సభకు భోజనం పెట్టాలి. ఎంత ముందుచూపున్న ఆచారమో గమనించారా?

మెద్దూర్ మేకను కోశాడు. పెద్దలు తిన్నారు. సభలో పెద్ద తలకాయ, ఎగువ తోట ఆసామి యఫ్తెన్ మూతి తుడుచుకుని గొంతు సవరించాడు.

"ఆ కూలిన మట్టి ఎవరిదో ముందు తేలాలి. పైవాడిదా, కిందవాడిదా?"

"ఎవరిదైతేనేం మామా, అవతల పిలకలు చచ్చిపోతున్నాయి" అన్నాడు మెద్దూర్.

"ఆ తొందరే వద్దంటున్నా. రేపు మాట్లాడుకుందాం. అన్నట్టు అల్లుడూ, ఇవాళ మాంసం కాస్త గట్టిగా ఉంది. రేపు లేతదాన్ని చూడు."

ఇక అక్కణ్నుంచి నాగరికత పరుగులు తీసింది. పెద్దలకు కింద ఇసుక కాలుతోందంటే మెద్దూర్ భార్య తిజిరి ఉన్ని వడికి తివాచీ నేసింది. లేకపోతే మాకు నేత ఎక్కడిది? అంతమందికి జావ కాచాలని ఈడ్చినా కదలనంత పెద్ద కుండలు చేసింది. నిన్న ఔనన్నవాడు ఇవాళ కాదంటుంటే ఒళ్లు మండి, ఎవరేమన్నారో మెద్దూర్ బండమీద గీతలూ చుక్కలూ చెక్కాడు. మాకు లిపి అలాగే వచ్చిందని నా సిద్ధాంతం. కాదన్న పండితుడు ఎవరైనా ఉంటే మీటింగు పెట్టుకోవచ్చు.

యఫ్తెన్ ఆ బండ చూసి, "ఈ చుక్క నాది కాదు" అన్నాడు. వెంటనే చుక్కలమీద సబ్‌కమిటీ పడింది. దానికి భోజనం వేరే.

ఇలా జరిగి జరిగి దొడ్డి ఖాళీ అయింది. పాలిచ్చే మేక ఒక్కటే మిగిలింది.

"రేపు దీన్ని కూడా కోస్తావా?" అని అడిగింది తిజిరి.

"ఆచారం కదే."

"పిల్లలకు పాలు? ఆచారాన్ని పితుకుతావా?"

మెద్దూర్ తోటలోకి నడిచాడు. వాడిన పిలకలు చూస్తుంటే అతనికి ఏడుపొచ్చింది.

మర్నాడు సభ తివాచీ ఎక్కేలోపే తిజిరి తన తోడికోడళ్లనూ, ఇరుగుపొరుగు ఆడవాళ్లనూ వెంటేసుకుని, బుట్టలు పట్టుకుని కాలువలోకి దిగింది. ఎండ ముదరకముందే మట్టంతా ఎత్తిపోశారు. ఇన్నాళ్ల చర్చ, ఇన్ని మేకలు, పని మాత్రం ఒక్క పూటది! నీళ్లు వచ్చి పిలకల మొదళ్లు తడుపుతుంటే మెద్దూర్ సంతోషం పట్టలేక ఆ బురదలోనే చతికిలబడ్డాడు.

సభకు ఒళ్లు మండిపోయింది. తీర్మానం లేకుండా నీళ్లు పారడమా? రేపు పొద్దున ఎండ కూడా ఎవర్నీ అడక్కుండా కాస్తుంది!

"దీన్ని ఊరికే వదలను. నేను ఫిర్యాదు చేస్తున్నా" అని లేచాడు యఫ్తెన్.

"అలాగే పెద్దయ్యా" అంది తిజిరి, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ. "భోజనానికి పిల్లల్ని కూడా తీసుకురమ్మంటారా?"

సభ మొత్తం యఫ్తెన్ దొడ్డివైపు తిరిగింది. ఆ పూట వాళ్లకు ఎన్నడూ లేనంత ఆకలి వేసింది. తిజిరి చేసింది తప్పు కాదని అందరూ తలలూపారు, మెద్దూర్ తప్ప. అతను ఇంకా ఆలోచించాలన్నాడు. మర్నాడూ అదే మాట. ఆ మర్నాడూ అంతే.

చివరికి యఫ్తెన్ చేతులు జోడించాడు. "ఈ భోజనాలు పెట్టించే ఆచారం నాగరికులకు తగదు. దీన్ని వెంటనే ఎత్తేయాలి."

మెద్దూర్ ఎముక చీకడం ఆపి తలెత్తాడు.

"ఇది వేరే ఫిర్యాదు కదా మామా? అయితే రేపట్నుంచి రెండు పూటలా మీ ఇంట్లోనే."