లెక్కలోకి రాని ఇంద్రాణి

ఆదివారం పొద్దున ప్రసూన మేడం పెట్టుకున్న పని చాలా చిన్నది. ఏడుగురు ఆడపిల్లల్ని శింగనమలలో ఏడు గంటల బస్సెక్కించాలి, అనంతపురంలో జిల్లా క్రాస్ కంట్రీ పోటీలో పరిగెత్తించాలి, సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళని చేర్చాలి. హైస్కూల్లో ఆమె వ్యాయామం టీచరు. ఆరుగురు వచ్చేశారు. ఇంద్రాణి ఒక్కతే రాలేదని మేడమే వాళ్ళింటికి వెళ్ళింది.

ఇంద్రాణి తండ్రి నరసింహప్ప వేరుశనగ రైతు. ఒకసారి వార్డు మెంబరుగా కూడా చేశాడు. ఏ సంగతైనా మొదలూ చివరా తెలుసుకోనిదే ఆయనకు టీ గొంతు దిగదు.

"మేడం, ఈ పరుగులో గెలుపు ఎట్లా తేలుస్తారు?"

"జట్టుకు ఏడుమంది పరిగెత్తుతారన్నా. ముందొచ్చిన ఐదుమందే లెక్కలోకి వస్తారు."

"మా ఇంద్రాణి?"

"మన జట్టులో ఎప్పుడూ ఆరోది. లెక్కలోకి రాదు. అయినా పరిగెత్తాల."

మేడం ఎంత తేలిగ్గా అందో ఆ ఇంట్లో ఆ మాట అంత బరువుగా పడింది. పెళ్ళి పత్రికలో పేరు ఒక వరుస కిందికి జారినందుకు ఆరు నెలలు మాట్లాడుకోని వంశం అది.

"నా బిడ్డ లెక్కలోకి రాదా?" అన్నాడు నరసింహప్ప నెమ్మదిగా. ఆయన గొంతు తగ్గితే ప్రమాదమని భార్య ఓబమ్మకు తెలుసు. "సరే, నేనూ వస్తాండా. లెక్కలోకి వస్తే సరి. రాకుంటే రేపట్నుంచి పరుగూ లేదు, గిరుగూ లేదు."

బూట్ల తాడు కట్టుకుంటున్న ఇంద్రాణి ముడి సగంలో వదిలేసి తండ్రి వైపు చూసింది. పొద్దున్నే చెరువు కట్ట మీద పరిగెత్తే అరగంట తప్ప ఆ పిల్లకు రోజు మొత్తంలో సొంతమైనదేదీ లేదు.

బస్సెక్కగానే నరసింహప్ప బత్తలపల్లెలోని బామ్మర్ది బయ్యన్నకు ఫోన్ చేశాడు. "మన ఇంద్రాణిని లెక్కలోంచి తీసేసినారప్పా." బస్సు రొదలో పోటీ జరిగే మైదానం పేరూ, 'తీసేసినారు' అన్న మాటా తప్ప బయ్యన్నకు ఏమీ వినబడలేదు. రేషన్ కార్డులోంచి అనుకున్నాడు. గంటలో జీపు నిండా బంధువులు, ఆధార్ జిరాక్సులతో సహా, మైదానంలో దిగారు. సంగతి తెలిసినా ఎవరూ వెనక్కి పోలేదు. ఇంత దూరం వచ్చి ఊరికే ఎలా పోతారు?

నరసింహప్ప నేరుగా లెక్కలు రాసే కుళ్ళాయప్ప బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మా పిల్లకు నాలుగు మార్కులు ఎక్కువేసి లెక్కలో కలుపుకోండి."

"ఎక్కువేస్తే మీ జట్టే ఓడిపోతాదప్పా. మొదట వచ్చినామెకు ఒకటి, పదోదిగా వచ్చినామెకు పది. ఐదుమందివి కూడితే ఎవరికి తక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు."

నరసింహప్ప గడ్డం గోక్కున్నాడు. "కరువు మండలాల మాదిరి. వాన తక్కువ పడినోళ్ళకే జాబితాలో పేరు."

"అట్లే అనుకో" అన్నాడు కుళ్ళాయప్ప.

ఈ జిల్లాలో పుట్టినవాడికి అంతకు మించి విడమర్చి చెప్పనక్కర్లేదు. సొంత జట్టులో ఐదోదిగా వచ్చే జ్యోతిలక్ష్మిని ఇంద్రాణి దాటితే చాలని ఆయనకు తట్టింది. ఆ మాట బంధువుల చెవిన వేశాడు. వాళ్ళు దారి పొడవునా ముళ్ళ కంపల పక్కన వరసగా నిలబడ్డారు.

"జ్యోతిని పట్టు ఇంద్రాణీ, జ్యోతిని వదలొద్దు."

"సొంత జట్టు పిల్లను దాటమంటారేందన్నా?" అని ప్రసూన తల పట్టుకుంది.

"మాకు లెక్క కావాల మేడం."

ముక్కూ మొహం తెలియని పదిమంది తన పేరెత్తి పట్టమంటుంటే జ్యోతిలక్ష్మి హడలిపోయింది. ఆ భయంలో జన్మలో లేనంత వేగం అందుకుని, ముందు జంటగా పోతున్న తాడిపత్రి పిల్లలిద్దర్నీ దాటేసింది. వెనకే ఇంద్రాణి కూడా ఆ ఇద్దర్నీ దాటింది. జ్యోతి మాత్రం అందలేదు. జ్యోతిది పద్నాలుగో చోటు, ఇంద్రాణిది పదిహేనోది.

నరసింహప్ప నేల మీద చతికిలబడ్డాడు. "ఆ బూట్లు ఎవరికన్నా ఇచ్చేసి రా, ఇంటికి పోదాం" అన్నాడు. ఇంద్రాణి ఏడుస్తూ బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

అంతలో కుళ్ళాయప్ప చదివాడు. శింగనమల రెండు, ఐదు, ఎనిమిది, పదకొండు, పద్నాలుగు. మొత్తం నలభై. తాడిపత్రి ఒకటి, మూడు, నాలుగు, పదహారు, పదిహేడు. మొత్తం నలభై ఒకటి. శింగనమల గెలిచింది.

తాడిపత్రి టీచరు దేవేంద్ర వేలు పెట్టి ఇంద్రాణిని చూపించాడు. "ఓడగొట్టింది ఈ పిల్ల. ఈమె అడ్డం రాకుంటే మావాళ్ళు పదిహేను, పదహారు. ముప్పై తొమ్మిదితో మేమే గెలిచేవాళ్ళం."

నరసింహప్ప లేచి నిలబడ్డాడు. "లెక్కలోకి రాని పిల్ల ఎట్లా ఓడగొడతాది సార్?"

"ఆమె నంబరు మీకు కలపం. కానీ ఆ చోటు ఆమెదే కదా. వెనకొచ్చినోళ్ళు ఒక్కో నంబరు కిందికి జరగాల్సిందే" అన్నాడు కుళ్ళాయప్ప.

నరసింహప్ప కళ్ళు మెరిశాయి. "మా బయ్యన్న ఎలక్షన్ మాదిరి. డిపాజిట్ రాలే. కానీ నిలబడి అవతలోడిని ముంచినాడు." ఆ ఎలక్షన్ గురించి తొలిసారి ఒకరు మెచ్చుకోలుగా మాట్లాడేసరికి బయ్యన్న మీసం సవరించుకున్నాడు. నరసింహప్ప కూతురి ముందు గొంతుక్కూర్చుని బూట్ల తాడు తనే మళ్ళీ కట్టాడు. "రేపు పొద్దున ఎన్ని గంటలకు లేపాల మేడం?" అని అడిగాడు.

సోమవారానికి లెక్కలోకి రాకుండానే ఇంద్రాణి గెలిపించిందన్న మాట ఊరంతా పాకింది. ప్రసూన స్కూలుకు వచ్చేసరికి జ్యోతిలక్ష్మి నాయన గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మా పిల్ల ఏం తప్పు చేసిందని మేడం, లెక్కలో వేసినారు?" అన్నాడు.